ఎండిన బ్రెడ్డుకు దారి ఉంది, బూజు పట్టినదానికి లేదు

ప్రశ్న: మా ఇంట్లో నలుగురం. వారానికి రెండుసార్లు పెద్ద ప్యాకెట్టు బ్రెడ్డు కొంటాం. పిల్లలు మొదటి రెండు రోజులు ఇష్టంగా తింటారు, మూడో రోజు నుంచి ముట్టరు. రెండు చివర్ల ఉండే అంచు ముక్కలనైతే మొదటి రోజు కూడా ముట్టరు. ఫ్రిజ్‌లో పెడితే అట్టలా అయిపోతోంది. మొన్న ఒక ముక్క మూలన పచ్చగా కనిపిస్తే అంత మేరకు తుంచేసి మిగతాది పెనం మీద కాల్చి పెట్టాను. మా అత్తయ్యగారు తినవద్దన్నారు, మా వారు కాలిస్తే ఏమీ కాదన్నారు. ఎవరి మాట నిజం? మిగిలినదానితో ఉప్మా చేస్తే ముద్దయిపోతోంది. హల్వా చేస్తే నెయ్యి డబ్బా ఖాళీ అవుతోంది. పారేయడానికి మనసు ఒప్పడం లేదు. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: ముందు మీ ఇంట్లో వాదన తేల్చేద్దాం. మీ అత్తయ్యగారి మాటే నిజం. బూజు పట్టిన బ్రెడ్డును తుంచి తినకూడదు, కాల్చి కూడా తినకూడదు. మీకు కనిపించిన పచ్చ మచ్చ బూజుకు మొదలు కాదు. బీజాలు తయారయ్యాకే దానికి ఆ రంగు వస్తుంది. అప్పటికే కంటికి ఆనని సన్నటి పోగులు ముక్క లోపల చాలా మేర పాకి ఉంటాయి. క్యారెట్, క్యాబేజీ వంటి గట్టి కూరగాయల్లో బూజు లోపలికి అంత సులభంగా దిగలేదు. అందుకే వాటికి మచ్చ చుట్టూ అంగుళం మేర కోసి పారేసి మిగతాది వాడుకోవచ్చంటారు. బ్రెడ్డు అలా కాదు, లోపలంతా గాలి గదులే, ఎటు చూసినా దారే.

కాలిస్తే బూజు చస్తుంది. మీ వారి మాటలో అంతవరకు నిజముంది. కానీ కొన్ని రకాల బూజులు విడిచే విషాలు పెనం వేడికి పోవు. ఏ బూజు ఏ రకమో వంటింట్లో చూసి చెప్పగలిగేవారు ఎవరూ లేరు. ఒక్క ముక్కకు పట్టినా ప్యాకెట్టు మొత్తం వదులుకోండి. మిగతావి బాగున్నాయేమో అని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడకండి, ఆ బీజాలు ఊపిరితో లోపలికి పోతాయి. ఆయాసం, ఎలర్జీ ఉన్నవారికి అది మరీ చెడ్డది. మొన్న తిన్నదాని గురించి మాత్రం కంగారు పడకండి. ఆరోగ్యంగా ఉన్నవారు ఒకసారి పొరపాటున కాస్త తిన్నంత మాత్రాన సాధారణంగా ఏమీ కాదు. ఎవరికైనా వాంతులో, విరేచనాలో, ఒళ్లంతా దద్దుర్లో వస్తే డాక్టరుకు చూపించండి.

బూజు కంటికి కనిపిస్తుంది కనుక కొంత నయం. వేసవిలో మరో రకం చెడు ఉంది, దానికి రంగు ఉండదు. ముక్కను రెండుగా విరిచినప్పుడు మధ్యలో జిగురుగా, సాలెపోగుల్లా సాగి, మగ్గిపోయిన పండు వాసన వస్తే అది ఒక బాక్టీరియా పని. దాని బీజాలు బేకరీ పొయ్యి వేడిని కూడా తట్టుకుని బతుకుతాయి, వేడీ తేమా దొరికితే మొలకెత్తుతాయి. ఏప్రిల్, మే నెలల్లో మీ సముద్రతీరంలో ఆ రెండింటికీ కొదవ ఉండదు. అలాంటి బ్రెడ్డు కూడా చెత్తబుట్టకే.

ఈ రెండూ లేకుండా కేవలం గట్టిపడిన బ్రెడ్డు పాడైన బ్రెడ్డు కాదు. దాని గురించే అసలు రాయాలనుకున్నాను. మిగిలిన బ్రెడ్డుతో ఏం చేయాలన్నా అది ఎండి ఉండటమే మనకు కావలసింది. మన వంటిళ్లలో జరిగే తప్పల్లా మెత్తటి బ్రెడ్డుతో చేయవలసినవీ, ఎండిన బ్రెడ్డుతో చేయవలసినవీ ఒకే గాటన కట్టేయడం. మీ ఉప్మా ముద్దయిపోవడానికి కారణం కూడా అక్కడే ఉంది.

బ్రెడ్డు గట్టిపడటమంటే నీరు ఆరిపోవడమే అనుకుంటాం. అది సగమే నిజం. గాలి చొరకుండా కట్టిపెట్టిన ప్యాకెట్టులో కూడా బ్రెడ్డు గట్టిపడుతుంది. 1852లోనే బూసింగో అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త నీరు పోకుండా చూసినా రొట్టె గట్టిపడుతుందనీ, తిరిగి వేడి చేస్తే మెత్తబడుతుందనీ చూపించాడు. పిండిలోని గంజి పదార్థం కాలినప్పుడు నీరు తాగి వదులవుతుంది, చల్లారాక మెల్లమెల్లగా మళ్లీ బిగిసి వరుస కడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం మర్నాటికి పలుకుపలుకుగా గట్టిపడి, ఆవిరి పట్టగానే మళ్లీ మెత్తబడటం మీరు రోజూ చూసేదే, ఇదీ అదే. ఈ బిగుసుకోవడం అన్నిటికన్నా వేగంగా జరిగేది ఫ్రిజ్ చల్లదనంలోనే. అందుకే మీ బ్రెడ్డు బయట ఉంచినదానికన్నా ఫ్రిజ్‌లో ముందు అట్ట కట్టింది. ఫ్రిజ్ బూజును ఆలస్యం చేస్తుంది, మెత్తదనాన్ని మాత్రం చెడగొడుతుంది. పైనున్న ఫ్రీజర్‌లో ఈ రెండూ దాదాపు ఆగిపోతాయి.

కాబట్టి కొన్న రోజు సాయంత్రమే ప్యాకెట్టును రెండుగా విడదీయండి. పిల్లలు రెండు రోజుల్లో తినేన్ని ముక్కలు బయట ఉంచండి, అవి కూడా పొయ్యి పక్కన కాకుండా చల్లటి చోట. మిగతావి నాలుగేసి ముక్కల చొప్పున చిన్న కవర్లలో పెట్టి, చేత్తో నొక్కి గాలి తీసేసి, ఫ్రీజర్‌లో వేయండి. అన్నీ ఒకే కవరులో పెట్టి రోజూ తెరిచి మూస్తుంటే లోపల తేమ చేరి మంచు పలుకులు కడతాయి, కరిగాక బ్రెడ్డు చెమ్మగిల్లుతుంది. కావలసినప్పుడు ఒక కవరు తీసి, కరిగేదాకా ఆగకుండా నేరుగా వేడి పెనం మీద వేయండి. మధ్యస్థమైన మంట మీద రెండు వైపులా కాలితే పైన కరకర, లోపల మెత్తన. శాండ్‌విచ్‌కు కావాలంటే ఒక పావుగంట పళ్లెంలో బయట ఉంచితే చాలు. ఒకసారి కరిగినదాన్ని మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకండి. నెల రోజుల వరకు రుచి బాగానే ఉంటుంది, ఆ తరువాత ఫ్రీజర్ వాసన పట్టడం మొదలవుతుంది.

ప్యాకెట్టు మీద పదార్థాల వరుసలో 282 అనే అంకె ఉందేమో చూడండి. అది కాల్షియం ప్రొపియోనేట్, బూజును ఆలస్యం చేయడానికి కలిపేది. వీధి చివరి బేకరీలో అప్పటికప్పుడు కోసి ఇచ్చే బ్రెడ్డులో ఇలాంటిది కలపకపోతే, రుచిగా ఉన్నా త్వరగా బూజు పడుతుంది. వానాకాలంలో దాన్ని రెండో రోజుకే ఫ్రీజర్‌కు చేర్చండి.

ఇంకో మాట, అడగకపోయినా చెబుతున్నాను. ఒకప్పుడు మన ఇళ్లలోకి బ్రెడ్డు జ్వరంతో పాటు వచ్చేది, జ్వరంతో పాటే పోయేది. ఆస్పత్రిలో ఉన్నవారిని చూడబోతే చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు, బత్తాయిలు. ఇప్పుడు అది వారం సరుకుల్లో చేరిపోయింది కానీ ఎంత కావాలన్న లెక్క ఇంకా కుదరలేదు. మీ ఇంట్లో ప్రతిసారీ మిగులుతోందంటే ఒక వారం చిన్న ప్యాకెట్టు తెచ్చి చూడండి. మిగిలినదానితో వంటలు చేయడం సరదాగా ఉంటుంది, కానీ వంటలు చేయడం కోసం మిగల్చనక్కర లేదు.

ఇక అంచు ముక్కలు. ప్యాకెట్టు తెరవగానే వాటిని పక్కకు తీసేయకండి. బయట ఉంచిన ముక్కలకు రెండు వైపులా అవే మూతలు, మధ్య ముక్కలు ఆరిపోకుండా కాపాడతాయి. మధ్యవి అయిపోయాక ఈ అంచులను ఫ్రీజర్‌లో ఒక ప్రత్యేక సంచిలో వేస్తూ పోండి. పిల్లల శాండ్‌విచ్‌ల చుట్టూ కోసేసే పట్టీలు కూడా అందులోకే. సంచి నిండాక అన్నిటినీ ఒకేసారి బ్రెడ్డు పొడి చేసుకోవచ్చు.

పొడికి ముక్కలు పూర్తిగా ఎండాలి, వంచితే వంగకుండా పుటుక్కున విరగాలి. మండే ఎండలో పలుచటి గుడ్డ కప్పి ఒక పూట పెడితే చాలు. ఎండ లేకపోతే పెద్ద పెనం మీద సన్న సెగన తిప్పుతూ వేయించండి. ఓవెన్ ఉంటే 150 డిగ్రీల దగ్గర పది, పదిహేను నిమిషాలు. పూర్తిగా చల్లారాకే మిక్సీలో వేయాలి, వేడిగా ఉండగా వేస్తే జార్ మూతకు చెమ్మ పట్టి పొడి ఉండలు కడుతుంది. ఆపి ఆపి తిప్పి, రవ్వలా ఉండగానే సగం తీసేయండి. అది కట్‌లెట్లకు పైన అద్దడానికి. మిగతా సగం మెత్తగా చేసుకుంటే ఆలూ టిక్కీ ముద్ద జారుడుగా ఉన్నప్పుడూ, కోఫ్తాలు విడిపోతున్నప్పుడూ రెండు చెంచాలు కలపడానికి పనికొస్తుంది. గారెల పిండి రుబ్బేటప్పుడు నీళ్లు ఎక్కువైతే బియ్యప్పిండి కలుపుతాం కదా, అక్కడ కూడా ఈ పొడి వేయవచ్చు, కానీ ఒకటి రెండు చెంచాలు దాటితే గారెలు నూనె లాగేస్తాయి. గాలి చొరని సీసాలో నెల రోజులు ఉంటుంది. గోధుమ బ్రెడ్డు పొడి నూనెలో త్వరగా నల్లబడుతుంది, మంట తగ్గించుకోండి. టూటీ ఫ్రూటీ బ్రెడ్డును ఈ సంచిలో వేయకండి, ఉప్పూ కారంతో దానికి పొసగదు.

ఉప్మా ముద్దయిపోయేది ముక్కలు నేరుగా టమాటా తాలింపులో పడటం వల్ల. ఎనిమిది ముక్కలను అంగుళం లోపు చదరాలుగా కోయండి. ఫ్రిజ్‌లో గట్టిపడినవైతే ఇంకా మంచిది, మీరు తప్పనుకున్నదే ఇక్కడ కలిసొస్తుంది. వెడల్పాటి మూకుడులో ఒక్క చెంచా నూనె వేసి, మధ్యస్థమైన మంట మీద ఐదారు నిమిషాలు, అంచులు ఎర్రబడి గరిటె తగిలితే గలగలమనే దాకా వేయించి, పళ్లెంలోకి తీసేయండి. అదే మూకుడులో రెండు చెంచాల నూనె, ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, నాలుగు జీడిపప్పు పలుకులు. అవి వేగాక సన్నగా తరిగిన అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, ఒక పెద్ద ఉల్లిపాయ. ఉల్లిపాయ మెత్తబడ్డాక రెండు టమాటాలు, చిటికెడు పసుపు. ఉప్పు మామూలుగా వేసేదానిలో సగం వేయండి, బ్రెడ్డులో ఉప్పు ముందే ఉంది, చాలా మంది ఇక్కడే మరిచిపోతారు. టమాటా నీరంతా ఇగిరి, అంచుల్లో నూనె తేలేదాకా ఓపిక పట్టండి. గరిటెతో గీత గీస్తే ఆ దారిలోకి నీరు కారి రాకూడదు. అప్పుడు వేయించిన ముక్కలు వేసి, గరిటెతో కింది నుంచి పైకి తిప్పుతూ ఒక్క నిమిషం. మూత పెట్టకండి, మూత పెడితే ఆవిరి ముక్కల మీద పడి మళ్లీ మీ పాత ఉప్మాయే వస్తుంది. పొయ్యి ఆపేశాక నిమ్మరసం, కొత్తిమీర. అత్తయ్యగారికి మెత్తగా కావాలంటే ఆమె వాటా విడిగా తీసి, పలుచటి మజ్జిగ రెండు చెంచాలు చిలకరించి, దానికి మాత్రం రెండు నిమిషాలు మూత పెట్టండి.

సాయంత్రం పిల్లలకు ఏదైనా చేయాలంటే బ్రెడ్డు వడలు. ఎనిమిది ఎండిన ముక్కలను పొడిగా నలిపి, పావు కప్పు బియ్యప్పిండి, పావు కప్పు బొంబాయి రవ్వ, ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, కరివేపాకు, ఉప్పు వేసి, అర కప్పు పెరుగుతో కలపండి. పది నిమిషాలు పక్కన పెడితే రవ్వ నాని ముద్ద గట్టిపడుతుంది, అప్పుడు చాలకపోతేనే నీళ్లు చిలకరించాలి. తడి చేత్తో చిన్న వడలు తట్టి, మధ్యలో చిల్లు పెట్టి, మధ్యస్థమైన మంట మీద వేయించండి. మినప గారె రుచి దీనికి రాదు, వస్తుందని చెప్పే వంటల వీడియోలను నమ్మకండి. కానీ కొబ్బరి పచ్చడితో వేడివేడిగా పెడితే పళ్లెంలో మిగలవు.

గుడ్డు తినే ఇల్లయితే బొంబాయి టోస్ట్ ఉండనే ఉంది. రెండు గుడ్లు, అర కప్పు పాలు, రెండు చెంచాల పంచదార గిలక్కొట్టి, ముక్కలు ముంచి, వెన్నతో పెనం మీద కాల్చడమే. తాజా బ్రెడ్డు పాలలో ముంచగానే తెగిపోయి చేతిలో ఉండిపోతుంది, రెండు రోజులది నిలబడుతుంది. టమాటా సూపు చేసిన రోజు చదరాలుగా కోసి వేయించిన ముక్కలు పైన చల్లుకోవచ్చు. బ్రెడ్డు దోశ కూడా చాలా మంది చేస్తున్నారు, మిక్సీలో బ్రెడ్డు, రవ్వ, బియ్యప్పిండి, పెరుగు కలిపి రుబ్బి. తినవచ్చు, అంతకు మించి నాకు దాని మీద పెద్ద అభిప్రాయం లేదు.

వీధిలో ఆవులకు వేయవచ్చా అని మీరు అడగలేదు కానీ చాలా మంది చేసేది అదే. ఒకటి రెండు ఎండిన ముక్కలతో ఆవుకు నష్టం లేదు. ప్యాకెట్ల కొద్దీ పెడితే మాత్రం ఆ పిండి వాటి కడుపులో పులిసి ఆమ్లం పెరుగుతుంది, నెమరు ఆగిపోతుంది. బూజు పట్టినది ఏ జంతువుకూ వేయకండి. మనకు చెడ్డదైనది వాటికి పుణ్యంగా మారదు. మేడ మీద ఎరువు కుండీ ఉంటే అందులో వేసి, పైన ఎండుటాకులు మందంగా కప్పండి, లేదంటే ఎలుకలు చేరతాయి.

ఇక మీ హల్వా. బ్రెడ్డు పొడి నెయ్యి తాగుతూనే ఉంటుంది, నెయ్యి తగ్గిస్తే అది హల్వా కాకుండా తియ్యటి ఉప్మా అవుతుంది. పది రూపాయల బ్రెడ్డు పారేయకూడదని అన్నేసి రూపాయల నెయ్యి పోయడం చారాణా కోడికి బారాణా మసాలా. దాని బదులు డబల్ కా మీఠా చేయండి. హైదరాబాద్ పెళ్లి విందుల్లో దీనికి ముక్కలను నేతిలో ముంచి వేయిస్తారు. ఇప్పుడు నేను చెప్పే పద్ధతి వింటే పాతబస్తీ వంటవాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర లేదు, ఇది ఇంటి మనుషుల కోసం.

ఆరు ఎండిన ముక్కలను మూలకు మూల కోసి త్రికోణాలు చేయండి. ఒక్కో ముక్కకు రెండు వైపులా కలిపి అర చెంచా నెయ్యి పూసి, పెనం మీద సన్న సెగన కాల్చండి. బంగారు రంగు దగ్గర ఆపేయకండి, ముదురు ఇటుక రంగు రావాలి, ఈ మిఠాయి రుచంతా ఆ రంగులోనే ఉంది. తియ్యటి మిల్క్ బ్రెడ్డు అయితే త్వరగా మాడుతుంది, పక్కనే ఉండండి. ఇంకో పొయ్యి మీద అర లీటరు చిక్కటి పాలు సగమయ్యేదాకా మరిగించండి, గిన్నె అంచుకు కట్టే మీగడను గీకి పాలలోకే నెట్టండి. ముప్పావు కప్పు పంచదార, ముప్పావు కప్పు నీళ్లతో పాకం పెట్టండి. తీగ పాకం అక్కర లేదు, వేళ్లకు జిగురుగా అంటితే చాలు, అందులో యాలకుల పొడి, ఉంటే నాలుగు కుంకుమపువ్వు రేకలు. వెడల్పాటి గిన్నెలో ముక్కలు పరిచి ముందు పాకం పోసి రెండు నిమిషాలు ఆగండి. తరువాత పాలు పోసి సన్న సెగన ఐదు నిమిషాలు ఉంచండి. గరిటె పెట్టి కలపకండి, పక్కన చేరిన పాలను చెంచాతో తీసి ముక్కల మీద పోస్తూ ఉంటే చాలు. ఎండిన బ్రెడ్డు కనుక పాకం పీల్చుకున్నా విడిపోదు, త్రికోణం త్రికోణంగానే గిన్నెలోకి వస్తుంది. పైన ఒక చెంచా నేతిలో వేయించిన జీడిపప్పు. మొత్తం నెయ్యి నాలుగు చెంచాలు. ఇది మర్నాటికి ఇంకా బాగుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసి తినే ముందు రెండు చెంచాల పాలు చిలకరించి కాస్త వేడి చేయండి, బిగుసుకున్న ముక్కలు మళ్లీ మెత్తబడతాయి.